ఎర కట్టింది ఎవరు?

పులివేట గురించి బ్యాంకు ఉద్యోగి రాయడమేమిటని పాఠకులు నవ్వుకోవచ్చు. నేను బి.కాం. చదివినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా లెడ్జర్లతోనూ, ఇప్పుడు కంప్యూటర్లతోనూ కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. తుపాకీ అనేది మా బ్రాంచి గార్డు భుజాన తప్ప మరెక్కడా దగ్గరగా చూడలేదు. అయినా ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం ఉంది.

మొన్న దీపావళికి మన సంఘం సభ్యులం బెంగళూరులో ఒకరింట్లో కలిశాం. మాటల్లో మా లేఅవుట్ వెనక గోడ దగ్గర చిరుత తిరిగిందన్న ప్రస్తావన వచ్చింది. రాత్రి రెండు గంటలప్పుడు సీసీ కెమెరాలో కనిపించిందట. ఆ బొమ్మను అందరూ ఫోన్లలో చూసుకున్నారు. "అడవి వదిలి మన వీధిలోకి దానికేం పని?" అని ఒకావిడ అడిగింది. తలా ఒక జవాబు చెప్పారు. నేను మాత్రం ఏమీ మాట్లాడలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట అదే ప్రశ్నను ఒక ముసలాయన నన్ను మరోలా అడిగాడు. అది గుర్తొచ్చింది.

డెంకణికోట రోజులు

1996లో నేను డెంకణికోట ప్రాంతంలో ఒక బ్యాంకు శాఖలో ఫీల్డ్ ఆఫీసరుగా ఉండేవాణ్ణి. హోసూరు, తళి, డెంకణికోట, అంచెట్టి వైపు వెళ్ళినవారికి తెలుసు, అక్కడ తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే వాక్యంలో దొర్లుతాయి. తరతరాలుగా అక్కడే ఉన్న మనవాళ్ళు ఇంట్లో మాట్లాడే తెలుగులో నాకు తెలియని మాటలెన్నో ఉండేవి. అడవి మృగాన్ని వాళ్ళు "మెకం" అంటారు, గేదెను "ఎనుము" అంటారు.

నా పని ఐ.ఆర్.డి.పి. అప్పులు చూడటం. పాడి ఆవులు, గేదెలు, గొర్రెలు కొనుక్కోవడానికి పేదలకు సబ్సిడీతో ఇచ్చే అప్పులవి. వారంలో మూడు రోజులు మోపెడ్ మీద పల్లెలు తిరిగేవాణ్ణి. అంచెట్టి దారిలో అడవి అంచున ఉన్న ఒక పల్లెలో ఆ తాత పరిచయమయ్యాడు. అప్పటికే డెబ్భై దాటినవాడు. పడుచుతనంలో బెంగళూరు నుంచి వేటకు వచ్చే దొరలకు దారి చూపించి, ఎరలు కట్టి, మంచెలు వేసినవాడు. ఆ దొరల పేర్లు ఆయనకు గుర్తులేవు. వాళ్ళ బూట్లు మాత్రం గుర్తున్నాయి.

ఆ కొండలకు వేట సాహిత్యంలో చోటుంది. బెంగళూరులో స్థిరపడిన కెన్నెత్ ఆండర్సన్ (1910-1974) తన మొదటి పుస్తకాన్ని 1954లో వెలువరించాడు. అందులో మా డెంకణికోట పక్కనున్న జవళగిరి పులి కథ ఉంది. చిత్తూరు జిల్లా చామల లోయ పులి కథ కూడా అందులోనే ఉంది. ఉత్తరాన కుమావూఁ కొండల్లో జిమ్ కార్బెట్ చేసిన పని అందరికీ తెలిసిందే. ఈ ఇద్దరి పుస్తకాలు చదివితే తుపాకీ కంటే ఎక్కువసార్లు కనిపించేవి రెండు: తాడుతో కట్టిన దూడ, చెట్టుమీది మంచె.

ఎర కట్టే విద్య

ఎర కట్టడం అంటే ఒక మూగజీవాన్ని అడవిలో వదిలిరావడమని నేను అనుకునేవాణ్ణి. అది ఎంత లెక్కతో కూడిన పనో తాత చెప్పాడు. చిట్టా పుస్తకం రాసేవాడికి అంత శ్రద్ధ ఉంటే మా బ్రాంచిలో ఆడిట్ అభ్యంతరాలే ఉండేవి కావు.

మొదటిది తావు. పులి పొదల్లో పడి నడవదు. కాలిబాటా, బండిదారీ, ఎండిన వంక ఇసుకా దానికి ఇష్టం. అందుకని రెండు వంకలు కలిసే చోటో, వంకను బాట దాటే చోటో చూస్తారు. ఇసుకలో అడుగుజాడలుండాలి. దగ్గరలో నీళ్ళూ నీడా ఉండాలి. తిన్నాక అది అక్కడే పడుకోవాలి కదా. మంచె కట్టడానికి తగిన చెట్టు కూడా ఉండాలి.

రెండోది ఎర. పులికైతే దున్నదూడ, చిరుతకైతే మేక. దున్నదూడే ఎందుకని అడిగాను. "పాలియ్యదు, అందురూ అమ్ముతారు సారూ" అన్నాడు తాత. మేక ఒంటరిగా ఉంటే అరుస్తుంది, ఆ అరుపే పిలుపు. తాడు మెడకు కట్టరాదు, కాలికి కట్టాలి. పులి పట్టేది గొంతు, అక్కడ తాడు తగిలితే అనుమానిస్తుంది. తాడు పలచనైతే తెంచుకుని కళేబరాన్ని ఈడ్చుకుపోతుంది. అప్పుడు మంచె ఒకచోట, విందు మరోచోట అవుతుంది.

మూడోది రోజువారీ పోషణ. ఎరను కట్టి మరచిపోవడం కుదరదు. దూడకు రోజూ మేత వేయాలి, నీళ్ళు పెట్టాలి. ఒకే మనిషి ఒకే వేళకు వెళ్ళిరావాలి. దొంగలా నక్కి వెళ్ళకుండా పశువుల కాపరిలా మామూలుగా నడిచి వెళ్ళాలి. మొదటి రాత్రే పులి వస్తుందన్న నమ్మకం లేదు. నాలుగు రోజులు కావచ్చు, పది రోజులు కావచ్చు. ఒక్కోసారి మూడు చోట్ల మూడు దూడల్ని కట్టేవారట. అన్నిటికీ మేత మోసేది తాతే.

నాలుగోది, పులి దూడను కొట్టిన తర్వాతి పని. పులి కడుపునిండా తిని పగలు పడుకున్న వేళ మంచె కట్టాలి. పన్నెండు, పదిహేను అడుగుల ఎత్తున నులకమంచాన్ని కొమ్మలకు బిగిస్తారు. కప్పే ఆకులు ఆ చెట్టువి కోయకూడదు, దూరం నుంచి తేవాలి. కళేబరాన్ని కదల్చకూడదు. సాయంత్రం నాలుగింటికే దొర మంచె ఎక్కాలి. తర్వాత కిందనున్న మనుషులు పెద్దగా మాట్లాడుకుంటూ వెళ్ళిపోవాలి. పొదల్లో వింటున్న పులి మనుషులు వెళ్ళిపోయారని నమ్ముతుంది. ఇదే ఈ విద్యలో పెద్ద మోసం.

"ఎర అంటే దూడ గాదు సారూ" అన్నాడు తాత ఆఖరున. "అలవాటు. ఆ తావున కష్టం లేకుండా కూడు దొరుకుతాదని మెకానికి అలవాటు చెయ్యాల. ఆ పైన అదే వొస్తాది."

ఈ మాటను నేను కథగానే విన్నాను. నాకు దాని విలువ తెలిసింది ఆ ఏడాది వర్షాలు తగ్గాక.

కొట్టం: ఉంది

ఆ పల్లెలోనే ఒకామెకు జెర్సీ ఆవు కోసం అప్పు ఇచ్చాం. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. ఆవుకు చెవి బిళ్ళ వేసి ఇన్సూరెన్సు చేయించాం. అప్పు ఫైల్లో తనిఖీ నివేదిక ఒకటి ఉంటుంది. అందులో "పశువుల కొట్టం: ఉంది / లేదు" అని ఒక గడి. అది మార్చి నెలాఖరు. నలభై ఫైళ్ళు నా బల్ల మీద ఉన్నాయి. నేను ఊరి చావడిలో కూర్చుని ఆమెను అడిగాను. "ఉండాది సారూ" అంది. "ఉంది" దగ్గర టిక్ పెట్టి సంతకం చేశాను.

అక్టోబరులో ఒక ఉదయం నేను ఆ పల్లెకు వసూళ్ళకు వెళ్ళేసరికి జనం గుమిగూడి ఉన్నారు. రాత్రి చిరుత వచ్చి ఎనిమిది నెలల పెయ్యదూడను కొట్టింది. కొట్టం నుంచి యాభై గజాలు ఈడ్చి ముళ్ళపొదలో సగం తిని వదిలేసింది. ఇన్సూరెన్సు ఉన్నది ఆవుకు, దూడకు లేదు. ఆమె ఏడవడం లేదు. ఆవు మెడ పట్టుకుని నిలబడి ఉంది.

ఇద్దరు కుర్రవాళ్ళు అప్పటికే అంగడికి వెళ్ళి పురుగుమందు డబ్బా తెచ్చారు. చిరుత ఈ రాత్రి మిగిలిన మాంసానికి వస్తుంది, అందులో మందు కలిపితే పీడ విరగడవుతుంది, అదీ వారి ఆలోచన. నాకూ అందులో తప్పు కనిపించలేదని ఒప్పుకోవాలి. ఆవు పోతే అప్పు పోతుంది, అంతవరకే నా బుర్ర పనిచేసింది.

తాత నన్ను పక్కకు పిలిచాడు.

"ఆ దూడని కట్టింది ఎవురు సారూ?"

"ఆమే కట్టుకుంది తాతా, కొట్టంలో."

"ఏదీ, కొట్టం చూద్దాం రాండి."

వెళ్ళి చూశాను. మూడు పక్కల నడుమెత్తు మట్టిగోడ, పైన కొద్దిపాటి గడ్డి. నాలుగో పక్క ఏమీ లేదు, తలుపన్న మాటే లేదు. వెనకే ఎండిన వంక. వంక ఒడ్డున గుంతలో ఊరివాళ్ళు పారేసిన కోడి ఈకలు, నెల కిందట చచ్చిన మేక ఎముకలు. వాటి చుట్టూ కుక్కలు. వంక ఇసుకలో జాడలు చూపించాడు తాత. రాత్రివి కొన్ని, పాతవి కొన్ని. చిరుత వారంగా అక్కడికి వస్తూ పోతూ ఉంది. మేక కళేబరం తర్వాత కుక్కలు, కుక్కల తర్వాత దూడ.

"తావు ఉండాది, దావ ఉండాది, ఎర ఉండాది, రాత్రి మనిషి సద్దు లేదు. మేము దొరలకి ఇంత బాగా ఎప్పుడూ కట్టలేదు సారూ" అన్నాడు.

ఆయన నన్ను ఉద్దేశించి అనలేదు. ఆ తనిఖీ నివేదిక సంగతి ఆయనకు తెలియదు. నాకు మాత్రం నా సంతకం కళ్ళముందు కనబడింది.

పులి రాకుండా కూర్చున్న రాత్రి

కుర్రవాళ్ళకు నచ్చజెప్పడానికి తాత ధైర్యమూ, నా చట్టమూ రెండూ కావలసి వచ్చాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం "వేట" అనే మాటకు ఇచ్చే అర్థంలో చంపడం ఒక్కటే లేదు. ఉచ్చు వేయడం, విషం పెట్టడం, తోలడం, ఎర పెట్టడం, వీటికి ప్రయత్నించడం కూడా అందులో ఉన్నాయి. మనుషుల ప్రాణానికి ముప్పయిన మృగం విషయంలో మాత్రం రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి ఇవ్వగలడు. విషం పెడితే ముందు చచ్చేవి మీ కుక్కలు, తర్వాత కాకులు, గద్దలు అని తాత చెప్పాడు. నేను నాకు తెలిసిన భాషలో చెప్పాను: "అటవీశాఖవారు వచ్చి పంచనామా రాస్తేనే పరిహారం. ఆమెకు ఇప్పుడు ఆ కళేబరమే దస్తావేజు. దస్తావేజు మీద మందు చల్లుతారా?" ఈ మాట వారికి తలకెక్కింది.

అటవీశాఖ మనిషి మర్నాడు మధ్యాహ్నం గాని రాడని కబురొచ్చింది. ఆ రాత్రి కళేబరాన్ని కాపాడాలి, ఆవునూ కాపాడాలి. ఆవును తాత తన ఇంటి ముందరి గదిలోకి తోలించాడు. ఆయన మనవలు ఆ రాత్రి పెరట్లో పడుకున్నారు. దూడ దగ్గర మంట వేసి, లాంతరు పెట్టి, మేం నలుగురం కూర్చున్నాం. బ్యాంకుకు తిరిగి వెళ్ళవలసిన నేను ఎందుకుండిపోయానో అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

అర్ధరాత్రి దాటాక కుక్కలు ఒక్కసారిగా మూగబోయాయి. వంక అవతల నుంచి ఒక శబ్దం వచ్చింది. మొద్దును రంపంతో కోస్తున్నట్టు అటూ ఇటూ గీసిన శబ్దం. చిరుత అరుపు అలాగే ఉంటుందని నాకు తెలియదు. నా చేతులు చల్లబడ్డాయి. తాత మాత్రం చుట్ట ఆర్పకుండా, గొంతు పెంచి, రాగుల ధర గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. తర్వాత కూతురి పెళ్ళి, ఆ తర్వాత 1950లలో వచ్చిన కరువు. నేను ఊరుకుంటే మోచేత్తో పొడిచాడు.

"మాట్లాడతా ఉండాల సారూ. మనం ఈడే ఉండామని దానికి తెలియాల."

దొరల కాలంలో మనుషులు వెళ్ళిపోయారని నమ్మించడానికి మాట్లాడినవాడు, ఇప్పుడు మనుషులున్నారని చెప్పడానికి మాట్లాడుతున్నాడు. తెల్లవారుజామున ఆయన నవ్వి, "ఇన్నేండ్లూ పులి రావాలని కూర్చుంటిని. రాకుండా కూర్చున్నది ఇదే మొదులు" అన్నాడు.

చిరుత రాలేదు. పంచనామా జరిగింది. కళేబరాన్ని లోతుగా గొయ్యి తీసి పూడ్చాం. పరిహారం ఏడు నెలలకు వచ్చింది, దూడ ధరలో సగానికి తక్కువ. కొట్టానికి తలుపు కోసం అదనపు అప్పు ఇవ్వవచ్చా అని పైకి రాశాను. పథకంలో ఆ పద్దు లేదని జవాబొచ్చింది. వెదురు తడికతో తలుపు తాతే అల్లాడు, వెదురుకు డబ్బులు నేనిచ్చాను. వంక ఒడ్డు గుంతను ఊరివాళ్ళు పూడ్చారు. నేను అక్కడున్న మరో రెండేళ్ళలో ఆ ఇంటికి చిరుత రాలేదు. ఆమె అప్పు చివరి వాయిదా దాకా కట్టింది. నేను మళ్ళీ ఏ కొట్టాన్నీ చావడిలో కూర్చుని తనిఖీ చేయలేదు.

నేటి ఎరలు

ఇప్పుడు ఎర కట్టే అధికారం ప్రభుత్వానికే ఉంది. చివరికి వచ్చే కష్టమేమిటంటే, ఒకసారి మనిషి తెలివి చూసిన మృగం ఎరకు లొంగదు. రుద్రప్రయాగ చిరుత 125 మందిని చంపింది. బోనులు, విషం, మేకలు అన్నీ దాటుకుని ఏళ్ళ తరబడి తిరిగింది. 1926లో ఒక మామిడిచెట్టు మీద కూర్చున్న కార్బెట్‌కు, కింద కట్టిన మేక మెడలోని గంట మోత దాని రాకను చెప్పింది. మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో "అవని" అని పిలిచిన ఆడపులి కోసం నెలల తరబడి వెతికారు. దాన్ని రప్పించడానికి సెంటు కూడా వాడుతున్నారని వార్తలు వచ్చాయి. చివరికి 2018 నవంబరులో కాల్చి చంపారు. నీలగిరి జిల్లాలో టి-23 అనే పులిని మూడు వారాల గాలింపు తర్వాత 2021 అక్టోబరులో మసినగుడి దగ్గర ప్రాణాలతో పట్టుకుని మైసూరు తరలించారు.

పట్టి వేరేచోట వదిలేస్తే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. మహారాష్ట్ర జున్నర్ ప్రాంతపు చెరకు తోటల్లో పట్టిన చిరుతలను 2000ల తొలినాళ్ళలో దూరపు అడవుల్లో వదిలారు. వదిలిన చోట్ల మనుషుల మీద దాడులు పెరిగాయని వన్యప్రాణి పరిశోధకులు గుర్తించారు.

అంటే అసలు పని ఎర విప్పడంలో ఉంది. మనం తెలియకుండా కడుతున్న ఎరలను గమనించండి. కోళ్ళ దుకాణం వెనక పారేసే వ్యర్థాలకు వీధికుక్కలు చేరతాయి. కుక్కల కోసం చిరుత చేరుతుంది. ముంబయి సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానం అంచున చిరుతలకు కుక్కలు ముఖ్యమైన ఆహారం. 2016 ఫిబ్రవరిలో బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు ఒక పాఠశాలలోకే చిరుత వచ్చి కొందరిని గాయపరిచింది. ఒడిశాలో ఉన్న మనవాళ్ళకు ఏనుగుల సంగతి తెలుసు. ఇంట్లో నిలవచేసిన ధాన్యం, ఇప్పపువ్వు, హండియా వాసనకు అవి గోడలు పడగొట్టి వస్తాయి. మృగం వేరు, ఎర వేరు. తావు, కూడు, దావ, నిశ్శబ్దం అనే నాలుగు సూత్రాలు మాత్రం తాత చెప్పినవే.

విప్పే పద్ధతి కష్టమైనది కాదు. పశువులూ మేకలూ ఉన్నవారు నాలుగు పక్కలా గోడ, పైకప్పు, గట్టి తలుపు ఉన్న చోట రాత్రి కట్టాలి. చచ్చిన జంతువును గుంతలో పారేయకుండా లోతుగా పూడ్చాలి. మాంసపు వ్యర్థాలను మూత ఉన్న తొట్టెలో వేసి రోజూ ఎత్తించాలి. ఇంటి కుక్కను రాత్రి లోపల కట్టాలి. ఇంటి చుట్టూ పొదలు కొట్టించి దీపం పెట్టాలి. చీకటి పడ్డాక పిల్లల్ని ఒంటరిగా పెరట్లోకి పంపకూడదు. మృగం పశువును చంపితే కళేబరాన్ని ముట్టుకోకుండా అటవీశాఖకు వెంటనే తెలపాలి, పరిహారం దానిమీదే ఆధారపడి ఉంటుంది. చిరుత కనిపిస్తే గుంపుగా వెంటబడి తరమకూడదు. దారి దొరికితే అది తనంతట తానే పోతుంది.

ఒక ఖాతాదారుగా ఇంకొక మాట. దొరల కాలంలో ఎర దూడకు ధర కట్టి ఇచ్చేవారు. ఇప్పుడు అడవి అంచు రైతు తన దూడను ధర లేకుండా కడుతున్నాడు. మన దేశంలో 2022 గణన ప్రకారం పులులు 3,682 ఉన్నాయని మనం గర్వపడుతున్నాం, పడవలసిందే. అయితే ఆ జమకు ఎదురుగా ఉన్న ఖర్చు చాలావరకు ఆ అక్క లాంటివారి పేరనే రాయబడుతోంది. పరిహారం త్వరగా, పూర్తిగా అందితే పురుగుమందు డబ్బా అంగడిలోనే ఉంటుంది.

తాత 1999లో పోయాడని తర్వాత తెలిసింది. దీపావళి రోజు ఆ ఆవిడ ప్రశ్నకు జవాబు చెప్పలేదన్నాను కదా. మర్నాడు ఫోన్ చేసి చెప్పాను. గత ఆదివారం మా లేఅవుట్‌లో ఎనిమిది కుటుంబాలవాళ్ళం కలిసి వెనక గోడ దగ్గరి చెత్తకుప్పను ఎత్తించాం. పొదలు కొట్టించాం. కోళ్ళ దుకాణం అతనితో మాట్లాడి మూత తొట్టె పెట్టించాం. పని ముగిసేసరికి పొద్దు వాలింది. కాసేపు అక్కడే నిలబడి, కొంచెం గొంతు పెంచే మాట్లాడుకున్నాం.